పురుడు పోయడానికేనా విదేశయానం?

ఈ రోజుల్లో ఆస్ట్రేలియా వెళ్ళిరాని అమ్మమ్మ మన వీధుల్లో అరుదైపోతోంది. కూతురికి నెలలు దగ్గరపడ్డాయనగానే శొంఠిపొడీ, కారప్పొళ్ళూ సర్దుకుని విమానం ఎక్కేస్తారు. ఆరునెలలుంటారు. వచ్చాక "ఏం చూశారండీ?" అని అడిగి చూడండి. ఒపేరా హౌస్ ముందు ఒక ఫొటో, షాపింగ్ మాల్‌లో నాలుగు గంటలు. తక్కిన కాలమంతా ఏం చేశారంటే, వంట! ఇక్కడ గ్యాసు పొయ్యి, అక్కడ కరెంటు పొయ్యి. అంతే తేడా.

ఇది అన్యాయం అంటాను నేను. "చూపించేవాళ్ళేరీ?" అంటారు. ఒకరు చూపించాలని ఎందుకు కూర్చోవాలి?

మెల్‌బోర్న్‌లో మా అక్కయ్య కూడా ఈ మాటే అంది. "అల్లుడికి సెలవు లేదే, కారెవరు నడుపుతారు?" అని. కారెందుకు? సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే నాలుగు గంటల లోపే తూర్పున బెయిర్న్స్‌డేల్‌లో దింపుతుంది. 2023 మార్చి నుంచి విక్టోరియా రాష్ట్రంలో రైలు ఛార్జీకి పరిమితి పెట్టారు. రోజంతా ఎంత దూరం తిరిగినా మెల్‌బోర్న్‌లో తిరిగినంతే ఖర్చు. బయల్దేరేముందు అక్కయ్య ఫ్రిజ్‌లో నాలుగు కూరలు పేర్చింది. రెండు రోజులకి నాలుగు కూరలు!

"చిన్న ఊళ్ళో ఏముంటుంది?" అనేది రెండో సాకు. బెయిర్న్స్‌డేల్‌లో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1930లలో, పనులు దొరకని కరువు రోజుల్లో, ఫ్రాంచెస్కో ఫ్లోరియాని అనే ఇటలీ చిత్రకారుడు దాని గోడలనూ పైకప్పునూ బొమ్మలతో నింపేశాడు. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టాల్సిందే. అక్కడికి దగ్గర్లోనే పేన్స్‌విల్. ఆ రేవులో బల్లకట్టెక్కితే అయిదు నిమిషాల్లో రేమండ్ ద్వీపం. నడిచి వెళ్ళేవాళ్ళకి డబ్బు అక్కర్లేదు. 1953లో తెచ్చి వదిలిన కోవాలాల సంతతి అక్కడి చెట్ల కొమ్మల్లో హాయిగా నిద్రపోతుంటుంది. పిల్లని వీపున మోస్తూ కునుకు తీస్తున్న ఒక తల్లిని చూసి, "దీన్నెవరూ కాఫీ అడగరు కాబోలు" అంది అక్కయ్య.

వెల్లింగ్టన్, విక్టోరియా, కింగ్ అని అక్కడ మూడు పెద్ద సరస్సులు. వాటికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బలు. 1889లో ఆ ఇసుకని తెగ్గొట్టి పడవలకి శాశ్వతమైన దారి చేశారు. ఉప్పునీరు లోపలికొచ్చి ఒడ్డునున్న రెల్లు చాలా చోట్ల చచ్చిపోయింది. ఆ లేక్స్ ఎంట్రన్స్ ఊళ్ళో కాలివంతెన దాటితే ఇటు నిలకడ నీరు, అటు హోరెత్తే అలలు. తొంభై మైళ్ళ ఇసుకతీరం అటే సాగిపోతుంది. అక్కయ్య చెప్పులు చేత్తో పట్టుకుని గంటసేపు నడిచింది. ఎవరికీ ఫోను చెయ్యలేదు.

మెటంగ్ ఊళ్ళో, నీళ్ళలో ఒక రాయి ఉంది. అక్కడి మూలవాసులైన గునైకుర్నై వారి కథ అది. జాలరులు బోలెడు చేపలు పట్టి, తమ కడుపులు నింపుకుని, కుక్కలకి పెట్టలేదట. ధర్మం కాపాడే బాధ్యత ఆ జాతిలో ఆడవాళ్ళది. ఆ అత్యాశకి శిక్షగా జాలరుల్ని రాళ్ళు చేసేశారు. మూడు రాళ్ళుండేవి, 1960లలో రోడ్డు వేస్తూ రెండింటిని పగలగొట్టారు. ఒకటే మిగిలింది. ఆ శిక్ష మన ఇళ్ళల్లో అమలైతే, ఆడవాళ్ళు తిన్నారో లేదో అడక్కుండా చెయ్యి కడుక్కునే మహానుభావులతో వీధివీధికీ ఒక కొండ లేచి ఉండేది!

ఇక మూడో సాకు, "పసివాణ్ణి ఎవరు చూస్తారు?" అని. వాడికి తండ్రి లేడూ? పెద్ద చదువులు చదివినవాడు, రెండు రోజులు పాలసీసా పట్టుకోలేడా? పట్టుకున్నాడండీ మా అల్లుడు. పిల్లవాడూ బాగానే ఉన్నాడు, ఇల్లూ నిలిచే ఉంది. నాలుగు కూరల్లో రెండు మిగిలాయి కూడా.

కనక అమ్మమ్మలారా, పురుడు పొయ్యండి, కాదనను. కానీ విమానం టిక్కెట్టు చేతికొచ్చిన రోజే రెండు రోజులు మీకని విడిగా తీసిపెట్టుకోండి. అడిగి పుచ్చుకోకండి, చెప్పి వెళ్ళండి.