నత్రజని అడుగంటితే టీకా వృథా

పిడుదుల వల్ల సోకే థైలేరియా జ్వరం సంకరజాతి ఆవులకు ప్రాణాంతకం. గ్రంథులు వాచి, ఒంట్లో రక్తం తగ్గి, నిన్నటిదాకా బిందె నిండా పాలిచ్చిన ఆవు కూలబడుతుంది. దీనికి టీకా మన హైదరాబాద్‌లోనే తయారైంది. అయితే అందులో ఉన్నవి బతికున్న కణాలు. గాలికుంటు టీకాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే చాలు. దీన్ని మాత్రం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోనే ఉంచాలి.

ఆ నత్రజని ఉండే క్యాన్‌లోకి కర్ర స్కేలు అడుగుదాకా దించి తీస్తే, మంచు పట్టిన మేరకే నత్రజని ఉన్నట్టు. ఆ కొలత క్రమం తప్పకుండా రిజిస్టరులో రాయాలి. ఒకసారి కరిగిన టీకాను మళ్లీ గడ్డకట్టిస్తే కణాలు చచ్చిపోతాయి. సూది పడింది కదా అని రైతు ధీమాగా ఉంటాడు, ఆవుకు మాత్రం రక్షణ ఉండదు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కరిగించాక ఆలస్యం పనికిరాదు కాబట్టి, ముందు ఆవులను ఒకచోట కట్టేయించి, ఆ తర్వాతే సీసా బయటికి తీయాలి.

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు వీర్యం స్ట్రాల కోసం మోసే క్యాన్లలోనూ ఉండేది ఈ నత్రజనే. దాన్ని నింపే బండి పల్లెలకు వేళకు వెళ్తోందో లేదో పశుసంవర్ధక శాఖ ఎండలు ముదరకముందే తేల్చాలి.