ఇల్లు కట్టినా హక్కు లేదు.. సంతకమే మేస్త్రీకి రక్ష

రాజమహేంద్రవరం: గృహప్రవేశం ముగిసినా చివరి వాయిదా సొమ్ము అందక తిరిగే మేస్త్రీలు గోదావరి డెల్టా పల్లెల్లో కొత్త కాదు. నగ బాగుచేసిన కంసాలి సాధారణంగా కూలి ముట్టేవరకు దానిని తన వద్దే ఉంచుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. కట్టిన ఇంటికి అది వర్తించదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టిన 20 రోజుల్లోగా ముందస్తు నోటీసు ఇచ్చిన ఉపగుత్తేదారు ఇంటిపైనే హక్కు కాపాడుకునే వీలుంది. ఇక్కడ మేస్త్రీకి మిగిలింది సివిల్ కోర్టే. చెల్లింపు గడువు నిర్ణయించుకోకుంటే, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతోంది. వకీలు నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు పెరగదు. ఈలోగా బాకీ ఒప్పుకొంటూ యజమాని రాతపూర్వకంగా సంతకం చేస్తే, ఆనాటి నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకే తాళాలు అప్పగించే ముందే లెక్క తేల్చి సంతకం తీసుకోవడం మేలు.