నలిగిన చొక్కాకు డైరీలో రిమార్క్ అవసరమా?



ఈసారి చదువు గురించి కాదు, ఇస్త్రీ గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. కింద స్కూల్ బస్సు హారన్ కొడుతుంటే, స్టవ్ మీద దోసె మాడుతుంటే, కాలర్ మీద ఇస్త్రీ పెట్టె లాగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదని తెలుసు.

రెండేళ్ల కిందట వేరే బడిలో ఆరో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉండేదాన్ని. అక్కడ అసెంబ్లీకి ముందు రోజూ చెకింగ్ ఉండేది. గోళ్లు, షూ పాలిష్, టై, ఐడీ కార్డు, ఆపైన ఇస్త్రీ. ఒక బాబు చొక్కా బాగా నలిగి ఉందని డైరీలో ఎర్ర పెన్నుతో రాశాను: "రేపటి నుంచి యూనిఫాం ఇస్త్రీ చేసి పంపగలరు." మర్నాడు చొక్కా చక్కగానే ఉంది. రెండో పీరియడ్‌లో నోట్స్ దిద్దుతుంటే వాడి మణికట్టు మీద బొబ్బ కనిపించింది. ఏమైంది నాన్నా అని అడిగాను. "అమ్మది నైట్ డ్యూటీ మేడమ్. నాన్న పొద్దున్నే షాపుకెళ్లిపోయారు. మీరు రాశారు కదా అని నేనే చేసుకున్నా" అన్నాడు. వాళ్లమ్మగారు ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె ఇంటికి చేరేసరికి వీడు బస్సెక్కేశాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి క్షమాపణ చెబితే, ఆమే తిరిగి "సారీ మేడమ్, చూసుకోలేకపోయాను" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆమె సారీ చెప్పాల్సిన తప్పు అందులో ఏముంది?

అప్పటి నుంచి నేను ఇస్త్రీ మీద రిమార్క్ రాయడం మానేశాను. ఇప్పుడు బయటికే అంటున్నాను, మన దగ్గర కూడా ఆ చెకింగ్ మానేద్దామని. ఇది నా సొంత అభిప్రాయం, స్కూల్ నిర్ణయం కాదు. మన డైరీ నియమాల పేజీలో "శుభ్రంగా, ఇస్త్రీ చేసిన యూనిఫాం" అని ఉంది. అందులో "ఇస్త్రీ చేసిన" అన్న రెండు మాటలు తీసేస్తే చాలు. ఉతికిన బట్ట వేరు, ఇస్త్రీ చేసిన బట్ట వేరు. మొదటిది ఆరోగ్యానికి కావాలి. దాని మీద నేనేమీ తగ్గను. చెమట వాసన వచ్చే సాక్సుల గురించి రిమార్క్ రాస్తాను, ముందే చెబుతున్నాను.

మీలో కొందరికి ఇది నచ్చదని తెలుసు. నిజానికి మా నాన్నగారికే నచ్చలేదు. ఆయన గుమాస్తాగా చేరిన కొత్తలో ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదు. ప్యాంటు మడత పెట్టి పరుపు కింద పెట్టుకుని పడుకునేవారు. చొక్కాకైతే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్దేవారట. "నలిగిన చొక్కాతో వెళ్తే మనల్ని కుర్చీలో కూర్చోమని కూడా అనరమ్మా" అంటారు. ఆయన మాట అబద్ధం కాదు. మన దగ్గర ఇస్త్రీ బట్టలు ఉత్త సోకు కాదు. కష్టపడి పైకొచ్చిన కుటుంబాలు నలుగురిలో తలెత్తుకోవడానికి కట్టుకున్న గౌరవం అది. ఫీజులు కట్టి పిల్లల్ని ఇంతదాకా తెచ్చిన మీకు ఆ పట్టింపు ఉండటంలో ఆశ్చర్యం లేదు. కానీ నాన్నను బట్టలు చూసి తూచింది బయటివాళ్లు. బడిలో పిల్లాణ్ని అలా తూచాల్సిన పని టీచర్లకు ఏముంది?

ఇంకో సంగతి. కిందటి నెల ఏడో తరగతికి సింపుల్ ప్రెజెంట్ టెన్స్ చెబుతూ, పొద్దున్న ఇంట్లో ఎవరేం చేస్తారో ఐదు వాక్యాలు రాయమన్నాను. "మై మదర్ ఐరన్స్ మై యూనిఫాం" అన్న వాక్యం పుస్తకం తర్వాత పుస్తకంలో కనిపించింది. 'ఎస్' చేర్చడం అందరికీ వచ్చింది, సంతోషం. "మై ఫాదర్ ఐరన్స్" అని రాసింది ఇద్దరే. అంటే డైరీలో మేం రాసే ఆ రిమార్క్ పేరుకు పిల్లలకైనా, చేరేది అమ్మకే. ఆ అమ్మల్లో చాలామంది తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాల్సినవాళ్లు.

మన యూనిఫాం గుడ్డ పాలిస్టర్ కలిసినది. దానికి రోజూ ఇస్త్రీ అక్కర్లేదు. మా సైన్స్ మేడమ్ చెప్పారు: నూలు దారంలోని సెల్యులోజ్ బంధాలు తడికి వదులై, ఆరేటప్పుడు బట్ట ఏ తీరులో ఉంటే ఆ తీరులోనే బిగుసుకుంటాయట. అందుకే కాటన్ అంతగా నలుగుతుంది. పాలిస్టర్‌కు ఆ బాధ తక్కువ. మెషీన్ ఆగగానే తీసి, గట్టిగా దులిపి, హ్యాంగర్‌కు తగిలించి ఆరేయండి. డ్రమ్ములో రాత్రంతా వదిలేస్తే మాత్రం ఏ గుడ్డయినా ముద్దవుతుంది. నేను ఈ మధ్య కుర్తాలు ఇలాగే ఆరేసి వేసుకొస్తున్నాను. స్టాఫ్ రూమ్‌లో ఒకరిద్దరు తప్ప ఎవరూ గమనించలేదు.

పెద్ద సంస్థలు కూడా ఈ దారిలో ఆలోచించాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి ప్రయోగశాలలు ఏ సంస్థ కిందికి వస్తాయో ఆ సీఎస్ఐఆర్, 2024 మే నెలలో సోమవారాలు ఇస్త్రీ లేని బట్టలు వేసుకుందామన్న ప్రచారంతో వార్తల్లోకి వచ్చింది. ఒక జత బట్టల ఇస్త్రీకి దాదాపు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అప్పుడు చెప్పిన లెక్క. శాస్త్రవేత్తలు ముడత చొక్కాతో ల్యాబ్‌కు వెళ్లగలిగినప్పుడు మన ఐదో తరగతి పిల్లలు లెక్కల క్లాసుకు వెళ్లలేరా?

మరి మన వీధి చివర ఇస్త్రీ బండి మీద బతికే కుటుంబం సంగతేమిటి అని మీరు అడగొచ్చు. నాకూ ఆ ప్రశ్న ఉంది. వాళ్ల దగ్గరికి బట్టలు పంపొద్దని నేను అనడం లేదు. చీరలు, ఆఫీసు చొక్కాలు, పెళ్లిళ్ల బట్టలు ఎలాగూ వెళ్తాయి. ఎండాకాలం బొగ్గుల పెట్టె పక్కన నిలబడే ఆయనతో జతకు రెండు రూపాయల దగ్గర బేరం ఆడకపోతే అదే మేలు. వీలైన ఇంటివాళ్లు యూనిఫాం కూడా పంపుకోవచ్చు. నేను వద్దంటున్నది బలవంతాన్ని.

ఇస్త్రీ చేయడం మాత్రం పిల్లలకు నేర్పండి, ఎనిమిదో తరగతికి వచ్చాక, ఆదివారం, మీరు పక్కనుండగా. పెట్టె మీది చుక్కలు చూపించండి: ఒక చుక్క సింథటిక్‌కు, రెండు ఉన్నికి, పట్టుకు, మూడు కాటన్‌కు. ఫోన్ మోగినా సరే, స్విచ్ ఆపి ప్లగ్ తీశాకే అక్కణ్నుంచి కదలాలని చెప్పండి. అమ్మాయితో పాటు అబ్బాయికీ నేర్పండి. పంద్రాగస్టుకు, రిపబ్లిక్ డేకి వాళ్ల బట్టలు వాళ్లే చేసుకుని వస్తే నాకు ముచ్చటే.

కొత్త విద్యా సంవత్సరం డైరీ ప్రింటింగ్‌కు వెళ్లేలోపు ఆ రెండు మాటల గురించి స్టాఫ్ మీటింగ్‌లో అడగాలనుకుంటున్నాను. ఈ నెల పీటీఎంలో మార్కుల మాట అయ్యాక ఒక్క నిమిషం ఆగి మీ అభిప్రాయం చెప్పండి. ఇస్త్రీ ఉండాల్సిందే అనేవాళ్లు కూడా తప్పకుండా రండి, నాన్నగారికి ఏం జవాబు చెప్పాలో నాకింకా పూర్తిగా తేలలేదు.