నాలుగక్షరాల నాణెం

రెండు యూరోల నాణెం అది. చుట్టూ తెల్లటి అంచు, దాని మీద ఐరోపా సమాఖ్య జెండాలోని 12 చుక్కలు, నడుమ పసుపు రంగు బిళ్ళ. ఆ బిళ్ళ మీద రాజు తల లేదు, కోటబురుజు లేదు. లాటిన్ లిపిలో నాలుగక్షరాల మాట ఒకటి మాత్రం ఉంది: ‘అచ్యూ’. సాయం చేసినవాళ్ళకు లిథువేనియన్లు కృతజ్ఞత చెప్పుకునే మాట. తమ భాష గౌరవార్థం 2015లో ఆ దేశం తెచ్చిన స్మారక నాణెం ఇది. యూరోలోకి అడుగుపెట్టింది కూడా ఆ ఏడాదే, జనవరి 1న.

ఆ మాటను ఎంచుకోవడంలో ఎంతో వివేకం ఉంది. రొట్టెల కొట్టులో చిల్లర చేతులు మారే క్షణంలో అమ్మినవారో కొన్నవారో అనే మాటే ఆ చిల్లర మీదా కనిపిస్తుంది. భాష బతికుండేది అలాంటి చోటనే.

గొప్పలు చెప్పుకోవాలనుకుంటే లిథువేనియన్లకు కారణాలు తక్కువేమీ లేవు. లిథువేనియన్‌లో నిప్పు ‘ఉగ్నిస్’, పొగ ‘దూమై’, రోజు ‘దియెనా’, దేవుడు ‘దియెవస్’, కొడుకు ‘సూనుస్’, తేనె ‘మెదుస్’. సంస్కృతం నుంచి అగ్ని, ధూమం, దినం, దేవుడు, సూనుడు, మధువు తెచ్చుకున్న తెలుగువారికి ఈ జాబితా చదువుతుంటే దూరపు చుట్టాల ఊరికి వెళ్ళినట్టుంటుంది. తెలుగుది ద్రావిడ కుటుంబం కాబట్టి ఇది ఇంటి పేరు కలిసిన చుట్టరికం కాదు, అరువు మాటల మీదుగా కలిసిన వరస. సంస్కృతానికి మాత్రం అది రక్తబంధమే. జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ 1833లో మొదలుపెట్టిన తులనాత్మక వ్యాకరణంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌ల సరసన లిథువేనియన్‌ను కూర్చోబెట్టాడు. 1852లో ఆగస్ట్ ష్లైకర్ తూర్పు ప్రష్యాలోని లిథువేనియన్ పల్లెలకు వెళ్ళి, రైతుల నోటి నుంచే ఆ భాష నేర్చుకున్నాడు. ఇంత ప్రాచీనత చేతిలో ఉండి కూడా నాణెం మీదికి దాన్ని కాక, రోజువారీ మర్యాద మాటను ఎక్కించారు. ప్రాచీన హోదా గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుకుని 2008లో దాన్ని సాధించుకున్న తెలుగువారు ఈ ఎంపికను కాసేపు ఆలోచించి చూడాలి.

ఆ నాలుగక్షరాల్లో రెండింటికి తల మీద గుర్తులున్నాయి. ‘చ’గా పలికే అక్షరం మీద చిన్న కొక్కెం. అంతకుముందు పోలిష్ పద్ధతిలో రెండక్షరాలు కలిపి రాసే ఆ ధ్వనికి 19వ శతాబ్దం చివర్లో చెక్ లిపి నుంచి తెచ్చుకున్న గుర్తు అది. చివరి అక్షరం మీద ఒక అడ్డగీత, అది మన దీర్ఘం చేసే పనే చేస్తుంది. ఆ కొక్కెం వాడుకలోకి వస్తున్న రోజుల్లో లాటిన్ లిపిలో లిథువేనియన్‌ను అచ్చు వేయడమే నేరం.

తన పాలన మీద లేచిన 1863 తిరుగుబాటును అణచివేశాక, లిథువేనియన్ పుస్తకాలను లాటిన్ అక్షరాల్లో అచ్చు వేయకూడదని రష్యా సామ్రాజ్యం నిషేధించింది. రష్యన్ లిపిలో అయితే వేసుకోవచ్చు. 1864లో మొదలైన ఆ నిషేధం 40 ఏళ్ళు నడిచింది. జనం రష్యన్ లిపి పుస్తకాలను ముట్టలేదు. బిషప్ మోతియెయుస్ వలాన్చ్యుస్ సరిహద్దు అవతల, తూర్పు ప్రష్యాలో, పుస్తకాలు అచ్చు వేయించి రహస్యంగా తెప్పించే ఏర్పాటు చేశాడు. నేమునస్ నది ఒడ్డున ఉన్న టిల్సిట్ పట్నం ఆ అచ్చుకు పెద్ద కేంద్రమైంది. అక్కడి నుంచి రాత్రిపూట, వీపున మూటలు కట్టుకుని, కాపలావాళ్ళ కళ్ళుగప్పి ప్రార్థన పుస్తకాలూ పంచాంగాలూ వాచకాలూ మోసుకొచ్చినవాళ్ళకు ‘క్నిగ్‌నెషియై’ అని పేరు. పుస్తకాల మోతగాళ్ళు అన్నమాట. దొరికితే జైలు, సైబీరియా ప్రవాసం. సరిహద్దులో తుపాకీ గుళ్ళకు బలైనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో అందరికంటే పేరుమోసిన యుర్గిస్ బియెలినిస్ పుట్టిన మార్చి 16ను లిథువేనియా నేటికీ పుస్తకాల మోతగాళ్ళ దినంగా జరుపుకుంటుంది. ఆయన 1918 జనవరిలో కన్నుమూశాడు. దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది ఆ తర్వాతి నెల, ఫిబ్రవరి 16న.

భాషను డబ్బు మీదికి ఎక్కించడం ఈ దేశానికి కొత్త కాదు. యూరోకు ముందున్న లీతస్ నోట్లు చూస్తే చాలు. రెండు లీతస్‌ల నోటు మీద బిషప్ వలాన్చ్యుస్. ఐదు లీతస్‌ల నోటు మీద యోనస్ యబ్లోన్‌స్కిస్, 1901లో మారుపేరుతో వ్యాకరణం వెలువరించి ప్రామాణిక భాషకు బాట వేసినవాడు. అదే నోటు వెనక పెత్రాస్ రిమ్షా చెక్కిన శిల్పం: రాట్నం ముందు కూర్చున్న తల్లి పక్కనున్న బిడ్డకు చదువు చెబుతోంది. బళ్ళలో సొంత భాష లేని రోజుల్లో ఇళ్ళే బళ్ళయ్యాయి. ఒక యూరోకు 3.4528 లీతస్‌ల లెక్కన మార్చుకోవడంతో లీతస్ చెలామణి నుంచి తప్పుకుంది. వ్యాకరణవేత్తనూ బిషప్‌నూ రాట్నం దగ్గరి తల్లినీ మోసిన లీతస్ వెళ్ళిపోయిన ఏడాదే ‘అచ్యూ’ వచ్చింది. అందుకే ఈ నాణెం ఉత్త అలంకారం కాదు, ఒక వరసకు కొనసాగింపు.

మన పది రూపాయల నోటు వెనక పదిహేను భాషల పట్టీలో తెలుగు వరస ఒకటుంది. దాన్ని చివరిసారి చదివిందెప్పుడో గుర్తున్నవాళ్ళు కొద్దిమందే ఉంటారు. 30 లక్షల మంది మాత్రమే మాట్లాడే భాషలోని మాటకు మాత్రం లిస్బన్‌లోనూ ఏథెన్స్‌లోనూ కాఫీ వస్తుంది. రెండు యూరోల స్మారక నాణెం యూరో దేశాలన్నిటా చెల్లుతుంది మరి.

పుస్తకాలు వచ్చిన దిక్కుకు మాత్రం అది వెళ్ళలేదు. పుస్తకాలు అచ్చయిన టిల్సిట్ ఇప్పుడు సోవెత్స్క్ పేరుతో రష్యాలో ఉంది. నేమునస్ మీది వంతెన దాటితే అవతల చెల్లేది రూబుల్.