ఎట్లు తెలిసినది?

127 రెండ్లను వరుసగా గుణించి, అందుండి ఒకటి తీసివేసినచో 39 అంకెల సంఖ్య యేర్పడును. అది ప్రధాన సంఖ్య. ఒకటియు తానును దప్ప దానిని నిశ్శేషముగా భాగించునది వేరొకటి లేదు.

ఈ సంగతిని 1644లోనే ఫ్రెంచి క్రైస్తవ సన్న్యాసి మెర్సెన్ ప్రకటించెను. 67 రెండ్ల నుండి ఇట్లే పుట్టిన సంఖ్యయు ప్రధానమే యని ఆయన వ్రాసెను. 1876లో ల్యూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు మొదటిది నిజమనియు, రెండవది పొరపాటనియు తేల్చెను. రెండు మాటలును ఒక్క పెద్దమనిషివే. నిగ్గు తేల్చినది ఉపపత్తి.

ల్యూకా కారణాంకములను ఒక్కొక్కటిగా వెదకలేదు. అందుకు మానవాయువు చాలదు. ఆయన పద్ధతిని పిమ్మట లెహ్మర్ సుగమము చేసెను. 4ను వర్గము చేసి, 2 తీసివేసి, పరీక్షించు సంఖ్యచే భాగించి శేషమును గ్రహింపవలెను. ఆ శేషముతో మరల అట్లే చేయవలెను. రెండ్ల లెక్క బేసి ప్రధానమైనపుడు, ఆ లెక్కకు రెండు తక్కువైన మారున సున్న వచ్చినచో సంఖ్య ప్రధానము, రానిచో కాదు. 7 రెండ్ల వలన వచ్చు 127కు శేషములు 14, 67, 42, 111, 0. ఐదవ మారు సున్న!

పట్టికను వల్లె వేయించుటకే కాలము చాలదని కొందరు ఉపాధ్యాయు లనవచ్చును. ఈ ఐదు శేషములకు నల్లబల్లపై పావుగంట చాలును. "ఎట్లు తెలిసినది?" అని యడుగు విద్యార్థి ధిక్కారి కాడు, గణితము నేర్వ నారంభించినవాడు. పొరపాటు బయటపడినందున మెర్సెన్ గౌరవము తరుగలేదు. నేటికిని ఇట్టి ప్రధాన సంఖ్యలు ఆయన పేరనే పిలువబడుచున్నవి. విద్యార్థి ప్రశ్నకు ఉపాధ్యాయుని గౌరవము మాత్రమేల తరుగును?