కొబ్బరి చెట్టు కిందే పాఠం చెప్పాలి

పువ్వు పాఠం వస్తే మన బడులలో మందారమో, ఉమ్మెత్తో తెచ్చి కేసరాలు, అండకోశం చూపిస్తారు. మంచిదే. కాని బారువ పిల్లలు రోజూ చూసే పూత కొబ్బరిది. ఒకే గెలలో రెబ్బల మొదట ఆడపూలు, పైన లెక్కలేనన్ని మగపూలు ఉంటాయి. పొడుగు రకాలలో మగపూలు ముందే విచ్చి రాలిపోతాయి. ఆ తరువాత గాని ఆడపూలు సిద్ధం కావు. కనుక పుప్పొడి సాధారణంగా వేరే చెట్టు నుంచి గాలి, తేనెటీగలు తేవలసిందే. కాయకు తల్లి చెట్టు తెలుస్తుంది గాని తండ్రి చెట్టు తెలియదు!

ఇది మార్కుల కోసం చెప్పే మాట కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలను కూల్చివేసింది. జీడికి అంటు కట్టవచ్చు. కొబ్బరికి ఆ వీలు లేదు, రైతు కాయనే నాటాలి. నాసి చెట్టు కాయ నాటితే ఆ సంగతి ఆరేడేళ్లకు గాని బయటపడదు.

జీడిపండు ఉబ్బిన తొడిమేననీ, పిక్కే అసలు కాయ అనీ పలాస పిల్లలలో ఎందరికి తెలుసు?

జీడి పూతకు వచ్చే రోజులలో ఒక్క పూట తరగతిని తోటకు పంపడానికి ప్రధానోపాధ్యాయులు అంగీకరించాలి. దింపు తీసేవారిని అడిగితే ఒక పూగెల కోసి ఇస్తారు. ఉద్యానశాఖ వారు కూడా వచ్చి విత్తనపు చెట్టును ఎలా ఎంచుకోవాలో అక్కడే చూపించాలి.