ప్లస్ ప్లస్ పురాణం

పురాణాలు గుళ్లలోనే పుడతాయనుకుంటే పొరపాటు. కంప్యూటర్ క్లాసుల్లోనూ పుడతాయి. అలాంటిదొకటి నేనే కొన్నేళ్లు నమ్మాను.

సి భాషలో ++ అని రాస్తే ఉన్న విలువకు ఒకటి కలుస్తుంది. -- అని రాస్తే ఒకటి తగ్గుతుంది. ఈ గుర్తులు ఎందుకొచ్చాయి? పిడిపి-11 అనే కంప్యూటర్‌లో మెమరీ చిరునామాను దానంతటదే పెంచే, తగ్గించే సదుపాయం ఉండేది, దాన్ని వాడుకోవడానికే వీటిని పెట్టారు అంటారు. రక్షణ శాఖ లెక్కల ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సరదాగా సి నేర్చుకుంటే మా మాస్టారూ అదే చెప్పారు. నేను మా మనవరాలికి చెప్పాను.

"నీకెలా తెలుసు తాతయ్యా?" అంది.

"అందరూ అంటారమ్మా" అన్నాను. అన్నాక సిగ్గేసింది. బాబాల భక్తులు ఈ మాటే అంటే నలభై ఏళ్లుగా నవ్వినవాణ్ణి నేను!

అప్పుడు వెతికాను. సి భాషను సృష్టించిన డెనిస్ రిచీ 1993లో దాని చరిత్ర రాశాడు. ఈ గుర్తులు అసలు సి లో పుట్టలేదు. దానికి ముందున్న బి భాషలో కెన్ థాంప్సన్ పెట్టాడు. బి తయారైనప్పటికి పిడిపి-11 లేనే లేదు. ఆ యంత్రం వచ్చింది 1970లో.

మంజూరు తేదీకి ముందే డబ్బు చెల్లించినట్టు ఓచరు వస్తే నేను ఆపేసేవాణ్ణి. ఈ కథకు మాత్రం తేదీ చూడకుండానే సంతకం పెట్టేశాను. ఎందుకు? కథ చక్కగా అతికింది కాబట్టి. కాకి వాలగానే తాటిపండు పడితే కాకతాళీయం అంటాం. ఇక్కడ కాకి రాకముందే పండు పడింది!

మరి అసలు కారణం? అంతకు ముందరి పిడిపి-7లో తమంతట తామే పెరిగే మెమరీ గళ్లు కొన్ని ఉండేవి, బహుశా అవి ఆలోచన ఇచ్చి ఉంటాయి అన్నాడు రిచీ. ఎక్స్ = ఎక్స్ + 1 అనువాదం కంటే ++ఎక్స్ అనువాదం చిన్నదిగా ఉండటం బహుశా ఇంకా పెద్ద కారణం అన్నాడు.

గమనించారా? థాంప్సన్‌తో కలిసి పనిచేసినవాడు "బహుశా" అంటున్నాడు. ఏమీ చూడని మనం "అందుకే" అంటున్నాం.

మనవరాలికి ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకున్నాను. "నీకెలా తెలుసు?" అని భక్తులను అడిగే హక్కు మనకుంది. ముందు మనల్ని మనం అడుక్కున్నాకే.